అరువది దాటిన పిమ్మట ఊపిరితిత్తుల మార్పిడి: ఇంటివారు ఆలోచింపవలసిన సంగతులు

మన నేత కుటుంబములకు ఊపిరితిత్తుల జబ్బు కొత్తది కాదు. నూలు మిల్లులలో దూది ఏకు గదులయందు ఏండ్ల తరబడి పనిచేసినవారు, మరమగ్గముల షెడ్డులలో నూలు ధూళి పీల్చినవారు, కట్టెల పొయ్యి ముందు జీవితమంతయు గడపిన తల్లులు, బీడీ చుట్టల అలవాటున్న పెద్దలు, ఒకప్పుడు క్షయ సోకి నయమైనవారు ఏ పేటలో చూచినను కనబడుదురు. షోలాపూరు, భీవండి, సేలము, బరంపురము, యానాము, ఎచ్చట స్థిరపడిన మనవారికైనను ఈ సంగతి తెలిసినదే.

ఇట్టివారిలో కొందరితో వైద్యులు ఇప్పుడు, "మందులతో ఇంక లాభము తక్కువ. ఊపిరితిత్తుల మార్పిడి గూర్చి ఆలోచింపుడు" అని చెప్పుచున్నారు. ఆ మాట వినగానే ఇంటిలో రెండు పక్షములు లేచును. "ఈ వయస్సులో అంత ఆపరేషను తట్టుకొందురా, వద్దు" అని ఒక పక్షము. "మగ్గములు అమ్మియైనను చేయింపవలసినదే" అని రెండవ పక్షము. జబ్బుమనిషి మాత్రము గోడకు ఆనుకొని ఊపిరి లెక్కపెట్టుకొనుచుండును. అతని మాట అడుగువారు తక్కువ.

ఈ విషయమున మేము చెప్పదలచినది ఒక్కటే. వయస్సును మాత్రమే చూచి వద్దనుటయు తగదు, ప్రేమను మాత్రమే చూచి సరేననుటయు తగదు. ఆపరేషను తరువాతి సంవత్సరములను మోయగల శరీరము, మోయగల ఇల్లు ఉన్నవా అని తేల్చుకొనవలెను. అది తేల్చుటకు పెద్ద ఆసుపత్రికి సకాలములో పోవలెను. పడుగు బలము చూడక చీర మొదలుపెట్టు నేతగాడు లేడు గదా.

మార్పిడి అనగా నేమి

మనుష్యునికి ఊపిరితిత్తి మార్చు ఆపరేషను మొదటిసారి 1963 జూన్ నెలలో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమున డాక్టర్ జేమ్స్ హార్డీ చేసెను. ఆ రోగి 18 దినములు మాత్రమే జీవించెను. తరువాత ఇరువది ఏండ్లపాటు పలుదేశములలో ప్రయత్నించినను ఫలము నిలువలేదు. పరాయి అవయవమును శరీరము శత్రువుగా ఎంచి తిరస్కరించుట ఒక కారణము. గాలిగొట్టమును కలిపి కుట్టినచోట అతుకు మానకపోవుట రెండవ కారణము. తిరస్కారమును అణచు సైక్లోస్పోరిన్ అను మందు వచ్చిన తరువాత, 1983లో కెనడాలోని టొరంటోలో డాక్టర్ జోయెల్ కూపర్ బృందము చేసిన మార్పిడి నిలిచినది. ఆ రోగి ఆరేండ్లకు పైగా జీవించెను. నేటి వైద్యము ఆ దారిలోనే పెరిగినది.

మూత్రపిండమునైతే బ్రతికియున్న బంధువు ఇయ్యవచ్చును. ఊపిరితిత్తులు అట్లు గాదు. దాదాపు ఎల్లప్పుడును మెదడు పూర్తిగా చచ్చిపోయి యంత్రముపై గుండె మాత్రము కొట్టుకొనుచున్నవారినుండి, వారి కుటుంబము సమ్మతించిన మీదట వచ్చును. మన దేశమున 1994 నాటి అవయవ మార్పిడి చట్టము ప్రకారము నలుగురు వైద్యుల బృందము, కనీసము ఆరు గంటల ఎడమున రెండుసార్లు పరీక్షించి, మెదడు మరణమును ధ్రువపరచవలెను.

అవయవములలో ఊపిరితిత్తులు మిక్కిలి సుకుమారములు. యంత్రముపై ఉన్నప్పుడే వాటిలో నీరు చేరును, చీము పట్టును. అందుచేత అవయవదానము చేసినవారిలో సుమారు అయిదుగురిలో ఒకరి ఊపిరితిత్తులు మాత్రమే పనికివచ్చుచున్నవి. దేశమంతట 2023లో మూత్రపిండముల మార్పిడులు పదమూడు వేలు దాటగా, ఊపిరితిత్తుల మార్పిడులు సుమారు 200 మాత్రమే జరిగినవి. ఎదురుచూచువారు అనేకులు, దొరకునవి కొన్ని. ఈ ఒక్క సంగతి మనసున నిలుపుకొన్నచో తరువాత చెప్పబోవు నియమములన్నియు ఎందుకున్నవో తెలియును.

ఎవరికి, ఎప్పుడు

ఊపిరితిత్తులు పీచు కట్టి గట్టిపడు జబ్బు ఒకటి కలదు. దీనిని డాక్టర్లు ఐ.ఎల్.డి. అందురు. అందులో కారణము తెలియని రకమును ఐ.పి.ఎఫ్. అందురు; ఇది అరువది దాటినవారిలో ఎక్కువ. పొడిదగ్గు, మెట్లెక్కునప్పుడు ఆయాసము, గోళ్లు ఉబ్బుట దీని గుర్తులు. పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ అను మందులు జబ్బు నడకను నెమ్మది చేయునుగాని కట్టిన పీచును కరిగింపలేవు. జబ్బు తేలిన నాటినుండి సగటున మూడు మొదలు అయిదేండ్లలోపు ప్రాణమునకు ముప్పు కలుగును. కావున ఈ జబ్బు ఉన్నదని తేలిననాడే మార్పిడి చేయు ఆసుపత్రిలో ఒకసారి చూపించుకొనవలెనని నిపుణుల సలహా. ఆక్సిజన్ సిలిండరు ఇంటికి వచ్చిన తరువాత ఆలోచింతమనుకొనుట ఆలస్యమే.

రెండవది సి.ఓ.పి.డి. పొగాకు, వంటపొగ, ధూళి వలన గాలిగొట్టములు పాడై, పీల్చిన గాలి బయటకు రాక నిలిచిపోవు జబ్బు. మిల్లు కార్మికులకు వచ్చు బిసినోసిస్ ముదిరినను ఇట్టి స్థితియే కలుగును. బిసినోసిస్ మొదటి దశలో సెలవు తరువాత పనికి పోయిన మొదటి దినమున రొమ్ము బిగబట్టి, వారము గడచుకొలది తగ్గును. ఆ దశలోనే దుమ్మునుండి తప్పుకొన్నచో మేలు. సి.ఓ.పి.డి.వారు చాలమంది మందులతో, వ్యాయామముతో, ఆక్సిజన్‌తో ఏండ్ల తరబడి గడపగలరు. వీరికి మార్పిడి వలన ఆయుర్దాయము పెరుగుట అందరి విషయమున నిశ్చయము కాదు. సుఖము పెరుగుట మాత్రము స్పష్టము. కావున ఊపిరి బలము ఉండవలసిన దానిలో నాలుగవ వంతుకో, అయిదవ వంతుకో దిగినప్పుడు, మాటిమాటికి ఆసుపత్రి పాలగుచున్నప్పుడు మాత్రమే వీరి గూర్చి ఆలోచింతురు.

ఒకే ఆయాసము, రెండు లెక్కలు. జబ్బు పేరు తెలియక పొరుగింటివారి అనుభవమును మన ఇంటికి అన్వయించుకొనరాదు.

వయస్సు అడ్డమా

గుండె, ఊపిరితిత్తుల మార్పిడి వైద్యుల అంతర్జాతీయ సంఘము 2021లో ప్రకటించిన సూచనలలో ఇన్నేండ్లు దాటినవారికి కూడదు అను గీత లేదు. 65 నుండి 70 వరకు అపాయము పెరుగుననియు, 70 దాటినపుడు మిక్కిలి పెరుగుననియు చెప్పిరి. అమెరికాలో ఇటీవలి సంవత్సరములలో కొత్త ఊపిరితిత్తులు పొందినవారిలో మూడవ వంతు మంది 65 నిండినవారే.

మన దేశమున 65 దాటినవారు మరణించినవారి అవయవముకొరకు పేరు నమోదు చేసికొనరాదను నిబంధన ఒకటి ఉండెడిది. 2023 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్యశాఖ దానిని తొలగించినది. ఆ రాష్ట్రపు నివాసియే అయియుండవలెనను షరతును, నమోదు రుసుమును కూడ తీసివేయవలెనని రాష్ట్రములకు తెలిపినది. పుట్టినది ఒక రాష్ట్రము, బ్రతుకుచున్నది మరియొక రాష్ట్రము అయిన మనవంటివారికి ఇది గొప్ప మేలు. అయినను అవయవము పంచు వరుస ఏ రాష్ట్రమునకు ఆ రాష్ట్రపు నియమములనుబట్టి నడచును. ఆసుపత్రులును తమతమ హద్దులు పెట్టుకొనుచున్నవి. ఒకచోట 65 అనిన, మరియొకచోట 70 అనవచ్చును. ఒకచోట కాదనినంతనే తలుపులన్నియు మూసికొన్నట్లు కాదు.

డాక్టర్లు పుట్టిన సంవత్సరముకంటె శరీరపు బిగువును చూతురు. ఆరు నిమిషములలో ఎంత దూరము నడచునో, అప్పుడు రక్తములో ఆక్సిజన్ ఎంత దిగునో చూతురు. చేతులు ఊనక కుర్చీలోనుండి లేవగలడా అని చూతురు. గుండె రక్తనాళములు, మూత్రపిండములు, కాలేయము, ఎముకల బలము, దంతములు, జ్ఞాపకశక్తి పరీక్షింతురు. క్యాన్సరు దాగియున్నదేమోనని వెదకుదురు. మన దేశమున క్షయ విషయమై ప్రత్యేకముగా చూతురు. బక్కచిక్కినవారికిని, మిక్కిలి లావైనవారికిని అపాయము ఎక్కువ.

కొన్ని సంగతులు ఉన్నచో ఆపరేషను చేయరు. తిరుగబెట్టు అవకాశమున్న క్యాన్సరు, మానని క్షయ, ముదిరిన కాలేయపు జబ్బు, ఇటీవల వచ్చిన గుండెపోటు లేక పక్షవాతము, రోజురోజుకు పెరుగు మతిమరపు, డాక్టరు చెప్పిన మందులు పదేపదే మానివేయు అలవాటు అట్టివి. పొగాకు సంగతి వేరుగా చెప్పవలెను. బీడీ, చుట్ట, సిగరెట్టు ఏదైనను ఇంకను కాల్చుచున్నవారిని జాబితాలో చేర్చరు. మానివేసి కనీసము ఆరునెలలు కావలెనని చాల ఆసుపత్రులు కోరును; రక్తముగాని మూత్రముగాని పరీక్షించి చూతురు. నోటిలో పెట్టుకొను పొగాకును కూడ మానుమందురు. "మానివేసితిని" అని నోటితో చెప్పిన చాలదు.

ఆపరేషను ఇచ్చునది, ఇయ్యలేనిది

ఊపిరితిత్తుల మార్పిడి పాత జబ్బును తీసివేసి కొత్త బాధ్యతను ఇచ్చు వైద్యము. ఈ మాట బాగుగా గ్రహింపవలెను.

ప్రపంచపు లెక్కలు చూడగా ఆపరేషను అయినవారిలో నూటికి సుమారు 85 మంది మొదటి సంవత్సరము దాటుచున్నారు. అయిదేండ్లు దాటువారు సగమునకు కొంచెము పైన. సగము మంది ఆరున్నర ఏండ్లకు మించి జీవించుచున్నారు. వయస్సు మీరినవారికి ఈ సంఖ్యలు తగ్గును. మూత్రపిండము, కాలేయము మార్పించుకొన్నవారితో పోల్చినచో ఇది తక్కువ. కారణమేమనగా, ఊపిరితిత్తి బయటి గాలికి తెరచియున్న అవయవము. ప్రతి శ్వాసతో క్రిములు లోపలికి పోవుచుండును. శరీరపు తిరస్కారమును అణచు మందులు క్రిములతో పోరాడు శక్తిని కూడ అణచును.

ఆ మందులు జీవితాంతము వాడవలెను. టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, స్టెరాయిడు అనునవి ముఖ్యములు. గడియారము చూచి వేసికొనవలెను. వీటివలన మధుమేహము, రక్తపోటు, మూత్రపిండముల నీరసము, కొన్ని రకముల క్యాన్సరు వచ్చు అవకాశము కలదు. పంపరపనసపండు టాక్రోలిమస్ బలమును రక్తములో ప్రమాదకరముగా పెంచును, కావున తినరాదు. మందుల దుకాణములో అడిగి కొన్న మాత్ర, నాటుమందు, కషాయము ఏదియు డాక్టరును అడుగక ముట్టరాదు. ఎంత జాగ్రత్తగా ఉన్నను, కొన్నేండ్లకు నెమ్మదిగా తిరస్కారము కలిగి కొత్త ఊపిరితిత్తుల గాలిగొట్టములు సన్నబడవచ్చును. దీనికి సంపూర్ణమైన మందు ఇంకను లేదు.

ఇన్ని చెప్పిన తరువాత రెండవ ప్రక్కయు చెప్పవలెను. ఆపరేషను ఫలించినవారు ఆక్సిజన్ గొట్టము తీసివేసి నడచుచున్నారు. తమ స్నానము తాము చేసికొనుచున్నారు. పడుకొని నిద్రపోవుచున్నారు. నాలుగడుగులకు ఆగి రొప్పినవానికి ఆ నాలుగేండ్లో, ఆరేండ్లో ఎట్టివో బయటివారు తూచి చెప్పలేరు.

ఒక ఊపిరితిత్తి చాలునా, రెండును మార్చవలెనా అను ప్రశ్న కూడ వచ్చును. రెండు మార్చినవారు సాధారణముగా ఎక్కువకాలము జీవింతురు. ఒకటి మార్చు ఆపరేషను చిన్నది, కోలుకొనుట సులభము. అందుచేత వయస్సు మీరిన కొందరికి, ముఖ్యముగా పీచుకట్టు జబ్బువారికి, ఒకటే మార్చుట కలదు. లోపల చీము పట్టు జబ్బున్నవారికి రెండును మార్చక తప్పదు.

ఆసుపత్రిని ఎట్లు ఎంచవలెను

పెద్ద మేడ, పత్రికలో ఫొటో, ఎవరో చెప్పిన మాట, ఇవి ఆసుపత్రిని ఎంచుటకు ఆధారములు కావు. మన దేశమున ఊపిరితిత్తుల మార్పిడులలో అధికభాగము తమిళనాడు, తెలంగాణ రాష్ట్రములలో, ముఖ్యముగా చెన్నపట్నము, హైదరాబాదులలో జరుగుచున్నవి. బెంగళూరు, ముంబయి, పూణెలలో కూడ చేయుచున్నారు. ప్రభుత్వ ఆసుపత్రులలో చండీగఢ్‌లోని పి.జి.ఐ. 2017లో మొదట చేసినది. చాలవరకు ఈ పని ప్రైవేటు ఆసుపత్రులలోనే సాగుచున్నది.

ఏ ఆసుపత్రికి పోయినను ఈ ప్రశ్నలు కాగితముపై వ్రాసికొనిపోయి అడుగవలెను.

మొదటిది: ఊపిరితిత్తుల మార్పిడికి మీకు అనుమతి కలదా? చట్టము ప్రకారము ఏ అవయవమునకు ఆ అవయవమునకు వేరుగా అనుమతి ఉండవలెను. మూత్రపిండమునకు ఉన్న అనుమతి దీనికి చెల్లదు.

రెండవది: గత మూడేండ్లలో ఏటేట ఎన్ని ఊపిరితిత్తుల మార్పిడులు చేసితిరి? అందులో అరువది దాటినవారు ఎందరు? సంవత్సరము, మూడు సంవత్సరములు దాటి జీవించియున్నవారు ఎందరు? మంచి ఆసుపత్రి ఈ ప్రశ్నకు కోపపడదు. "అందరు బాగున్నారు" అను జవాబు జవాబు కాదు.

మూడవది: ఆపరేషను చేయు సర్జనుకాక, తరువాత జీవితాంతము చూచు ఊపిరితిత్తుల వైద్యుడు ఇచ్చటనే ఉండునా, ఊరూరు తిరుగువాడా? క్రిముల జబ్బులు చూచు నిపుణుడు, వ్యాయామము చేయించువారు, రక్తమునకు శరీరము వెలుపల ఆక్సిజన్ ఎక్కించు ఎక్మో యంత్రము, రాత్రిపూట పిలిచిన పలుకు కోఆర్డినేటరు కలరా? సర్జను పని కొన్ని గంటలు. మిగిలినవారి పని ఏండ్ల తరబడి.

నాలుగవది: మావారి రక్తపు గ్రూపులో, ఈ ఎత్తువారు మీ జాబితాలో ఎందరు ఎదురుచూచుచున్నారు? ఊపిరితిత్తులకు రక్తపు గ్రూపుతోపాటు రొమ్ము కొలతయు కుదురవలెను. పొట్టివారు, అందులోను స్త్రీలు, తగిన కొలతకొరకు ఎక్కువకాలము ఎదురుచూడవలసివచ్చును.

అయిదవది: పిలుపు వచ్చినప్పుడు ఎన్ని గంటలలో చేరవలెను? దాతనుండి తీసిన ఊపిరితిత్తులు సాధారణముగా ఆరు మొదలు ఎనిమిది గంటలలోపు అమర్చబడవలెను. కావున దూరపు ఊరివారిని ఆసుపత్రికి దగ్గర ఇల్లు తీసికొని ఉండుమందురు. ఎదురుచూపు కొన్ని వారములు కావచ్చును, సంవత్సరము దాటవచ్చును. పిలిచి, పరీక్షించి, ఊపిరితిత్తి బాగులేదని వెనుకకు పంపుటయు కలదు. అది మోసము కాదు, జాగ్రత్త.

ఆరవది: అంచనా వ్రాసి ఇత్తురా? అందులో ఏవి చేరినవి, ఏవి చేరలేదు? ఇంటెన్సివ్ కేర్‌లో దినములు పెరిగినచో దినమునకు ఎంత? మొదటి సంవత్సరపు మందులు, బ్రాంకోస్కోపీ పరీక్షలు, మరల చేరవలసివచ్చినచో అయ్యెడి ఖర్చు ఎంత?

ఏడవది: మా భాషలో మాట్లాడువారు కలరా? రోజుకు పలుమార్లు పలురకముల మాత్రలు వేసికొను పెద్దవారికి, వారికి ఆలి, కోడలు, కొడుకు ఎవరు తోడున్నను, సూచనలు తమ భాషలో అందుట చిన్న విషయము కాదు. దీనిని సిగ్గుపడక అడుగవలెను.

పేరు నమోదు ఆసుపత్రి ద్వారానే జరుగును. తమిళనాడులో ట్రాన్స్‌టాన్, కర్ణాటకలో జీవసార్థకతె, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములలో జీవన్‌దాన్, మహారాష్ట్రలో జడ్.టి.సి.సి. అను సంస్థలు, ఒడిశాలో సొట్టో ఆ జాబితాలను నడపుచున్నవి. వీటన్నిటిపైన ఢిల్లీలో నొట్టో అను జాతీయ సంస్థ కలదు. నమోదైన రోగికి ఒక సంఖ్య ఇత్తురు. ఆ సంఖ్యను అడిగి తీసికొనవలెను.

ఎవరైనను "డబ్బిచ్చినచో వరుసలో ముందుకు జరిపెదము", "ఊపిరితిత్తి మేము తెప్పించెదము" అనినచో ఆ గుమ్మము మరల తొక్కరాదు. అవయవములు కొనుట, అమ్ముట, బేరము కుదుర్చుట నేరము. 2011 సవరణ ప్రకారము అయిదు మొదలు పదేండ్ల జైలు, ఇరువది లక్షలు మొదలు కోటి రూపాయల జుల్మానా.

ఖర్చు

ప్రైవేటు ఆసుపత్రులలో ఇరువది లక్షలు దాటుట సాధారణము. చిక్కులు వచ్చినచో ఇంకను పెరుగును. తరువాత ప్రతినెల మందులు, పరీక్షలు వేల రూపాయలు. ఆయుష్మాన్ భారత్‌లో కుటుంబమునకు ఏటికి అయిదు లక్షల వరకు కలదు. 2024 అక్టోబరునుండి 70 ఏండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ కార్డు ఇచ్చుచున్నారు. కాని ఆ మొత్తము ఈ ఖర్చునకు సరిపోదు. ఈ ఆపరేషను ఏ పథకములో చేరినదో, ఏ ఆసుపత్రిలో చెల్లునో, వ్రాతమూలకముగా తెలిసికొన్న తరువాతనే లెక్క వేయవలెను. రాష్ట్ర ప్రభుత్వముల భీమా పథకములు, ముఖ్యమంత్రి సహాయనిధి, ప్రధానమంత్రి సహాయనిధి విషయమై ఆసుపత్రిలోని సంఘసేవాధికారిని ముందే అడుగవలెను. ఆపరేషను అయిన పిమ్మట అడిగినచో చాలవరకు లాభము లేదు.

ఆపరేషను డబ్బు ఒక్కసారి పోగుచేయవచ్చును. మందుల డబ్బు ప్రతినెల కావలెను. మగ్గములు అమ్మి ఆపరేషను చేయించి, మగ్గములు లేనందున మందులు కొనలేకపోయినచో రెండును పోవును. అమ్మదలచినవారు ముందు ఈ లెక్క వేయుదురు గాక.

ఒక ఇంటి లెక్క

ఉదాహరణకు ఒక ఇంటిని ఊహించుకొందము. షోలాపూరులో నాలుగు మరమగ్గములు నడపు కుటుంబము. తండ్రికి 67 ఏండ్లు, పీచుకట్టు జబ్బు, నడచునప్పుడు ఆక్సిజన్ కావలెను. పెద్దకుమారుడు మగ్గములు చూచుకొనును. చిన్నవాడు పూణెలో ఉద్యోగి. తల్లికి 62, మోకాళ్ల నొప్పులు.

హైదరాబాదు ఇంచుమించు 300 కిలోమీటర్లు. అచ్చట ఆపరేషనులు ఎక్కువ, భాష తెలుగు. పూణె 250 కిలోమీటర్లు. అచ్చట కుమారుని ఇల్లున్నది. ఏది మేలు? సంఖ్యలు చూచిన హైదరాబాదు, ఆసరా చూచిన పూణె. ఈ ప్రశ్నకు అసలు జవాబు, "సంవత్సరముపాటు తండ్రి ప్రక్కన ఎవరు కూర్చుందురు" అను దానిలో నున్నది. తల్లి ఒక్కతె మోయలేదు. పెద్దవాడు పోయినచో మగ్గములు ఆగును. చిన్నవాడు సెలవు పెట్టగలడా, కోడలు సరేనన్నదా, ఆమెను అడిగిరా? ఇవి ముందు తేలవలెను. తోడుండు మనిషి పేరు చెప్పలేని రోగిని జాబితాలో చేర్చుటకు మంచి ఆసుపత్రులు వెనుదీయును.

ఈ కుటుంబమునకు మేమిచ్చు సలహా ఇది. ముందు పరీక్షలకు మాత్రము పోవుడు. పరీక్షలు చేయించుకొన్నంత మాత్రమున ఆపరేషనుకు ఒప్పుకొన్నట్లు కాదు. వీలైనచో రెండు ఆసుపత్రులలో అభిప్రాయము తీసికొనుడు. ఇరువురును వద్దనినచో మగ్గములు అమ్మవలసిన పని లేదు. మనసుకు గట్టి జవాబు దొరకును. ఇరువురును సరేననినచో, అప్పుడు ఇంటిల్లిపాది కూర్చుండి, తండ్రిని ఎదుట కూర్చుండబెట్టుకొని మాట్లాడుడు. పెద్దవారిని ప్రక్కగదిలో ఉంచి కుమారులు అల్లుళ్లు నిర్ణయించుట మన ఇండ్లలో అలవాటు. ఈ విషయమున అది కూడదు. కోత ఆయన రొమ్మునకు. మాత్రలు మ్రింగవలసినది ఆయన. వలదను హక్కు ఆయనది.

తల్లి విషయములోను ఇదే లెక్క. తండ్రికైతే హైదరాబాదు, తల్లికైతే ఊరి డాక్టరు అను పద్ధతి పోవలెను. కీళ్లవాతము వంటి జబ్బులవలన ఊపిరితిత్తులు పీచుకట్టుట స్త్రీలలో ఎక్కువగా చూచుచున్నాము. వారికిని పరీక్ష సకాలములో జరుగవలెను.

వద్దనుకొన్న యెడల

వద్దనుకొనుట ఓటమి కాదు. నిపుణుల పర్యవేక్షణలో ఊపిరి వ్యాయామము, సరియైన కొలతలో ఇంటి ఆక్సిజన్, జలుబు జ్వరము న్యుమోనియాలకు టీకాలు, బలమైన తిండి, పొగాకు మానుట, ఇవి ఏ వయస్సువారికైనను ఉపయోగించును. ఆయాసమును తగ్గించుటకు ఉపశమన వైద్యమను శాఖ యున్నది. చిన్నమోతాదు మార్ఫిన్‌తో కూడ ఊపిరి బాధ తగ్గింపగలరు. "ఇంక చేయునది లేదు" అని పంపివేయుట వైద్యము కాదు. ఆపరేషను జాబితాలో ఉన్నవారికిని ఈ సేవలు కావలెను. పిలుపు వచ్చువరకు శరీరమును నిలుపునవి ఇవియే.

ముందుగా చేయవలసినవి

ఆయాసముతో బాధపడు పెద్దలున్న ప్రతి ఇంటివారు ఈ నెలలోనే మూడు పనులు చేయుదురు గాక. జబ్బు పేరేమిటో డాక్టరుచేత కాగితముపై వ్రాయించుకొనుడు. ఊపిరి పరీక్ష, సి.టి. స్కాను, పాత క్షయ వైద్యపు చీటీలు ఒక సంచిలో పెట్టుకొనుడు. మార్పిడి ఆసుపత్రికి ఇప్పుడు చూపించుకొనవలెనా, ఎప్పుడు చూపించుకొనవలెనని ఆ డాక్టరునే అడుగుడు.

మరియొక మాట. మనవారికి ఊపిరితిత్తి దొరకవలెనని కోరునప్పుడు, అది ఇచ్చువారు కూడ మనవంటి ఒక కుటుంబమే. దుఃఖములో మునిగియున్న వేళ, ఆసుపత్రి వరండాలో నిలిచి సమ్మతి కాగితముపై వ్రేలుముద్ర వేయునది ఎవరో ఒక తల్లి, ఎవరో ఒక భార్య. తమిళనాడు ప్రభుత్వము 2023 సెప్టెంబరునుండి అవయవదాతల అంత్యక్రియలను ప్రభుత్వ లాంఛనములతో జరిపించుచున్నది. మన ఇంటిలో అట్టి గడియ వచ్చినచో ఏమి చేయుదుమో, అందరు ఆరోగ్యముగా ఉన్న నాడే భోజనాల వేళ ఒకసారి మాట్లాడుకొనుట మంచిది. అడుగువారమే గాక ఇచ్చువారము కూడ అయినప్పుడే ఆ జాబితా ముందుకు నడచును.